ఆకుపచ్చ వైరు పక్కన నల్ల వైరు

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి నా చేతిలో ఉన్న సరుకు ఇది: డిస్కు లేని కాగితం కవరు ఒకటి, రిపేరు షాపు చీటీ ఒకటి, కీ ఇస్తే పల్టీ కొట్టే చెక్క ఏనుగు ఒకటి, కోపంతో ఊగిపోతున్న వదిన, ఏడుపు ముఖంతో ఆమె కోడలు. వీటికి తోడు నాలుగు గంటల దాకా, అంటే రెండు గంటల నలభై నిమిషాల సమయం.

నేను పాత కంప్యూటర్ సామాన్లు తూకానికి కొని అమ్మేవాణ్ణి. అందుకే అందరూ నన్ను తూకం అనే పిలుస్తారు. ఎవరి వస్తువైనా పోతే వెతికిపెట్టడం నా రెండో వ్యాపారం. రెండింటికీ పెట్టుబడి ఒకటే. పనికిరాదని ఒకరు పక్కన పడేసిన దాన్ని ఇంకోసారి తిప్పి చూడడం.

వదినంటే నా భార్యకు అక్క. ఇంట్లోనే వర్క్‌షాపు పెట్టుకుని చెక్కబొమ్మలు చేస్తుంది. పల్టీ ఏనుగు ఆమె సొంతం. పోయిన ఏడాది ఒక పెద్ద బొమ్మల కంపెనీ అచ్చం అలాంటి ఏనుగునే ప్లాస్టిక్కుతో తయారుచేసి, పైపెచ్చు వదినే తమ బొమ్మను కాపీ కొట్టిందని ఫిర్యాదు చేసింది. ఆ రోజు నాలుగింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో విచారణ. తేల్చుకోలేకపోతే మర్నాటి నుంచి తన ఏనుగును తను చేయడానికి వీల్లేదు. మూడేళ్ళ క్రితం ఒక బొమ్మల ప్రదర్శనలో నిర్వాహకులు ఆమె స్టాలును వీడియో తీసి, తేదీ వేసి, ముద్ర కొట్టి ఒక డిస్కు ఇచ్చారు. ఉన్న రుజువల్లా అదే. ఇప్పుడు కవరుంది, డిస్కు లేదు.

"ఇదిగో, ఈ మహాతల్లి అల్మారా సర్దింది. సర్దిన మర్నాటి నుంచి డిస్కు మాయం," అంది వదిన.

"నేను ఆ కవరు ముట్టుకోనైనా లేదు బాబాయిగారూ. అత్తయ్యకు కత్తెర కనిపించకపోయినా నేనే, కళ్ళజోడు కనిపించకపోయినా నేనే. ఆ కళ్ళజోడేమో ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది."

"ఇప్పుడు కళ్ళజోడు సంగతి ఎవరడిగారు?" అంటూనే వదిన నెత్తి తడుముకుంది. అక్కడే ఉంది.

నేను నవ్వు మింగేసి లెక్కలోకి దిగాను. "వదినా, ఆ డిస్కు చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పోయిన మంగళవారం సాయంత్రం ఐదున్నరకి."

"అంత కచ్చితంగా ఎలా గుర్తు?"

"ఐదింటికి వార్నీషు రెండో పూత వేశా. అది ఆరడానికి అరగంట. ఆలోగా చేయి కడుక్కొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నా."

"వీడియో మొత్తం చూశావా?"

"రెండో పల్టీ దాకానే. నేనెప్పుడూ అక్కడే ఆపేస్తాను."

"అదేం?"

"ఆ తర్వాత చూడ్డానికి ఏముంది?"

కోడలు ఏడుపు ఆపి చేతిగుడ్డ చాటున కిసుక్కున నవ్వింది. "ఆ తర్వాత అత్తయ్య ముఖం వస్తుంది బాబాయిగారూ. ఆ పసుపుపచ్చ బట్టల్లో లావుగా కనిపిస్తానని..."

"నిన్నెవరడిగారే?"

"సరే సరే," అన్నాను. "అక్కడ ఆపి, డిస్కు బయటికి తీసి, కవరులో పెట్టావు. అంతేనా?"

"ఆ రోజు నేను ఆపలేదు మరిదీ. ఏనుగు రెండో పల్టీలో తలకిందులుగా ఉండగానే కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. ఎంత నొక్కినా మళ్ళీ లేవలేదు. గురువారం పొద్దున రిపేరుకు పంపాను."

"డిస్కు మాట?"

"తీసే ఉంటాను. ఎప్పుడూ తీసే పెడతాగా!"

తీసే ఉంటాను అన్నది అలవాటు చెప్పే మాట. దాన్ని సాక్ష్యం కింద జమకట్టకూడదు. ఆగిపోయిన కంప్యూటర్లో, డిస్కు పెట్టే డ్రైవు బొత్తాం ఎంత నొక్కినా ట్రే బయటికి రాదు. వదిన చేతికి ఆ డిస్కు అంది ఉండదు. ఆమె తీయనిదాన్ని కోడలు పారేసి ఉండదు.

"కంప్యూటర్ ఆగినప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

కోడలు నేల చూసింది. "నేనే. పొట్టు ఊడుస్తున్నా." ఆ చూపును విడిగా కట్టి పక్కన పెట్టుకున్నాను. ఆ సరుకుతో అప్పటికి పని లేదు.

"రిపేరు షాపతను ఏమన్నాడు?"

"అన్నీ కాలిపోయాయట, పెట్టె తప్ప ఏమీ మిగల్లేదట. ఫోన్లో నేను అడుగుతుంటే, ఆ చీటీ విషయం తెలిసినవాళ్ళకు చూపించండమ్మా అన్నాడు. అంటే నాకు తెలీదనా? పట్టుకుని దులిపేశాను. మళ్ళీ నోరెత్తలేదు."

చీటీ విప్పాను. గురువారం, ఉదయం 11.10. మదర్‌బోర్డు కాలిపోయింది, తీసేశాం. హార్డ్‌డిస్కు పోయింది, తీసేశాం. పవర్ సప్లై: ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాం, ఫ్యాను తిరగలేదు, చచ్చిపోయింది.

మూడోసారి చదివేసరికి నాకు నవ్వాగలేదు.

"ఇందులో అంత నవ్వేముంది?" అంది వదిన.

"ఉంది వదినా. నువ్వు నీ ఏనుగును తీసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్ళు. అమ్మాయ్, స్కూటర్ తీయమ్మా."

షాపు చేరేసరికి ఒంటిగంట యాభై అయిదు. బల్ల మీద వదిన కంప్యూటర్ పెట్టె ఒకవైపు రేకు ఊడి ఉంది. దాని మీద చేయి వేసుకుని ఒకాయన నల్లకోటుతో నిలబడ్డాడు. బొమ్మల కంపెనీ పెట్టుకున్న డిటెక్టివ్. మా వ్యాపారంలో ఆయన పేరు విజిటింగ్ కార్డు. దారి అడిగినవాడికీ, దారి చెప్పినవాడికీ కూడా కార్డు ఇస్తాడు. నా దగ్గర అప్పటికే పదకొండు ఉన్నాయి.

"రండి తూకం గారూ," అంటూ పన్నెండోది ఇచ్చాడు. "కాస్త ఆలస్యమైంది. ఈ చెత్త పెట్టెను నేను తీసుకెళ్తున్నాను."

"చెత్త నా వ్యాపారమండీ. మీరు కూడా అందులోకి దిగితే మేమెక్కడికి పోవాలి?"

"ఇది సాక్ష్యం. ఆవిడ దగ్గర ఏ రుజువూ లేదనడానికి."

రిపేరు షాపతను మూల కూర్చుని, ఎప్పుడో అతికిపోయిన వైరునే మళ్ళీ అతికిస్తున్నాడు. తల ఎత్తడం లేదు. "తమ్ముడూ, మీ షాపులో సామాను ఎవరికిస్తారు?" అన్నాను.

అతను గోడ మీది అట్ట వైపు వేలు చూపించాడు. చీటీ తెచ్చినవారికే సామాను ఇవ్వబడును. నేను చీటీ తీసి బల్ల మీద పరిచాను.

విజిటింగ్ కార్డు భుజాలు ఎగరేశాడు. "తీసుకోండి మరి. చచ్చిన పెట్టెను మోసుకెళ్ళి ఏం చేసుకుంటారు?"

"చచ్చిందని ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాను తిరగలేదు. అంటే చచ్చిపోయిందనేగా!"

"మీరు ఈ షాపుకు ఇంతకుముందు వచ్చారా?"

"రాలేదు. ఇదే మొదటిసారి. ఒంటిగంటా నలభైకి అడుగుపెట్టాను. కావాలంటే రాసుకోండి."

"రాసే ఉందండీ," అని చీటీ ఆయన వైపు తిప్పాను. "ఇప్పుడు మీ నోట్లోంచి వచ్చిన మాటలే ఈ కాగితం మీద ఉన్నాయి. అవి గురువారం పదకొండుంబావు లోపలే ఇక్కడికి ఎలా వచ్చాయి?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఇది ఇతని చేతిరాత."

"చేతిరాత ఇతనిదే. తెలివి మాత్రం మీది. పదిహేనేళ్ళు ఈ బల్ల ముందు కూర్చున్నవాడు ఇలా పరీక్ష చేయడు. చేశానని రాయడు. బోర్డు లేకుండా పవర్ సప్లైకి ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే, కొత్తది కొనుక్కొచ్చినా ఫ్యాను తిరగదు. బోర్డు లే అనాలి, అప్పుడే అది లేస్తుంది. ఆ మాట వచ్చేది ఒకే ఒక్క వైరు మీద. ఈ సంగతి తెలియనివాడు చెబుతుంటే తెలిసినవాడు రాసిన చీటీ ఇది."

మూలన వైరు అతకడం ఆగింది.

"మాటలు బాగున్నాయి," అన్నాడు విజిటింగ్ కార్డు. "ఆ పెట్టెను లేపండి చూద్దాం."

"మీ ఫైలు ఒకసారి ఇటిస్తారా?" అని, ఆయన ఇచ్చేలోపే కాగితాలకు పెట్టిన తీగ క్లిప్పు లాగేసుకున్నాను. దాన్ని సాగదీసి, రెండు కొసలూ ఒకవైపే ఉండేలా వంచాను. పెట్టె ప్లగ్గు ఇంకా గోడకు పెట్టలేదని చూసుకున్నాను. సప్లై నుంచి వేలాడుతున్న వైర్ల కట్టల్లో వెడల్పాటి దాన్ని పట్టుకున్నాను. దాని చివర ఇరవై నాలుగు రంధ్రాలు. పసుపు, ఎరుపు, నారింజ, నలుపు వైర్లు ఒకటికి మించి ఉంటాయి కానీ ఆకుపచ్చది ఒక్కటే.

"చూడమ్మా," అన్నాను కోడలితో. "ఈ పచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుకు కలపడమే బోర్డు చేసే పని. బోర్డు లేదు కాబట్టి ఆ పని ఈయన క్లిప్పు చేస్తుంది."

ఒక కొస పచ్చ వైరు రంధ్రంలో, రెండోది నల్లదానిలో దిగింది. చేయి తీసేశాను. "ఇప్పుడు ప్లగ్గు పెట్టి వెనక స్విచ్ వెయ్యి."

టిక్కుమంది. ఆ వెంటనే ఫ్యాను గిర్రున తిరిగింది. ఎన్నాళ్ళుగానో లోపల పేరుకున్న రంపపు పొట్టు ఒక్క ఊపున బయటికొచ్చి విజిటింగ్ కార్డు నల్లకోటు మీద మెత్తగా వాలింది. డ్రైవు మీది చిన్న దీపం పచ్చగా మిణుకుమంది.

"ఆ బొత్తాం నొక్కమ్మా," అన్నాను.

నొక్కింది. బుల్లి గరగరతో ట్రే బయటికి జారింది. అందులో వెండిరంగు డిస్కు, దాని మీద మూడేళ్ళ నాటి తేదీ, ప్రదర్శన ముద్ర.

"అమ్మో! అత్తయ్యా!" అని కోడలు అరిచింది, ఆ అత్తయ్య ఊరికి అవతలి కొసన ఉన్నా సరే.

విజిటింగ్ కార్డు చేయి చటుక్కున ట్రే మీదికి వచ్చింది. నా వేలు అంతకన్నా దగ్గర్లో ఉంది. బొత్తాం నొక్కాను. ట్రే లోపలికి పోగానే క్లిప్పు పీకేశాను. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది. ఆయన బొత్తాం ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు నొక్కాడు. మూలన ఉన్న రిపేరు షాపతను ఎప్పుడు లేచాడో, వచ్చి డ్రైవు ముందు నిలబడి ఒక మూల బొటనవేలు గట్టిగా అదిమిపెట్టాడు. ఎందుకో నాకు తెలుసు. విజిటింగ్ కార్డుకు తెలియదు.

"సంతోషించండి," అన్నాడాయన కోటు దులుపుకుంటూ. "ఆ ఆఫీసులో డిస్కు పెట్టే కంప్యూటర్ ఒక్కటీ లేదు. నేను కనుక్కున్నాను. ఇక్కడ మీ క్లిప్పు ట్రే తెరుస్తుందేమో గాని, బోర్డు లేకుండా వీడియో ఆడదు. ఆ బోర్డు, హార్డ్‌డిస్కు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నాలుగింటికి కలుద్దాం." తలుపు దగ్గర ఆగి రిపేరు షాపతని వైపు చూశాడు. "నీ సంగతి తర్వాత."

రెండుంబావు. నేను గెలుచుకున్న సరుకు నా చేతిలోనే ఉంది, చూపించడానికి దారి లేదు. కోడలి ముఖం మళ్ళీ వాడింది.

రిపేరు షాపతను బొటనవేలు తీసి దులుపుకున్నాడు. "పోయాడా అన్నా?"

"పోయాడు."

అతను బల్ల కిందికి దూరి, పాత దుప్పటిలో చుట్టిన మూట ఒకటి బయటికి లాగాడు. అందులో మదర్‌బోర్డు, హార్డ్‌డిస్కు. రెండింటి మీదా వదిన వార్నీషు మరకలు.

"మరి ఆయన దగ్గరున్నవి?"

"మీ దగ్గర పోయిన నెల తూకానికి కొన్నవే అన్నా. కాలిపోయిన బోర్డు, తిరగని హార్డ్‌డిస్కు. ఇమ్మన్నాడు, ఇచ్చాను."

నా చెత్తకు అంత గౌరవం అంతకుముందు ఎన్నడూ దక్కలేదు.

అతను బోర్డు బిగిస్తూ మిగతాది చెప్పాడు. గురువారం పదకొండింటికి, పెట్టె వెనకాలే విజిటింగ్ కార్డు వచ్చి కూర్చున్నాడు. చెప్పినట్టు రాయకపోతే, షాపులో దొంగ సాఫ్ట్‌వేర్ వేస్తున్నారని ఫిర్యాదు పెట్టి మూయిస్తానన్నాడు. "రాసేటప్పుడే నవ్వొచ్చింది. తప్పు దిద్దుదామనుకున్నా, మళ్ళీ అలాగే ఉంచేశా. తెలిసినవాళ్ళు చూస్తే పట్టుకుంటారని. ట్రేలో ఏదో ఉందని కూడా తెలుసు. బయటికి తీస్తే వాడి కంటపడుతుంది. చచ్చిన పెట్టెలో ఉంటే ఎవడు చూస్తాడు? ఆవిడకు చెబుదామని ఫోన్ చేస్తే చెప్పనిస్తేగా! నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు తిట్టారన్నా. ఫోన్లో చూసుకున్నా."

"అత్తయ్యకు అది తక్కువే," అంది కోడలు.

"ఇంతకీ కంప్యూటర్‌కు ఏమైంది?" అని అడిగాను.

"ఏమీ కాలేదు. ముందున్న పవర్ బొత్తాం లోపలికి పోయి వార్నీషుకు అతుక్కుపోయింది. ఆ బొత్తాం నొక్కిపట్టి ఉంచితే నాలుగు సెకన్లలో ఏ కంప్యూటరైనా ఆగిపోతుంది. ఏదో గట్టిగా తగిలి ఉండాలి."

నేను పక్కన కట్టిపెట్టిన చూపు మూట అప్పుడు విప్పాను. కోడలు రెండు చెవులూ పట్టుకుంది. "చీపురుకర్ర తగిలింది బాబాయిగారూ. అత్తయ్యకు చెప్పకండి. ఈ ఒక్కటి మాత్రం నిజంగా నేనే."

"నాకు వినపడలేదమ్మా," అన్నాను.

ఆమె కాసేపు డ్రైవు ముందు భాగాన్నే చూసింది. "ఇక్కడ సూది బెజ్జమంత రంధ్రం ఉందేం? ఈయన దీన్నేగా బొటనవేలితో మూసింది?"

"అందులో క్లిప్పు గుచ్చి నెడితే కరెంటు లేకపోయినా ట్రే వస్తుందమ్మా," అన్నాడు రిపేరు షాపతను.

"అంటే... ఇందాక ఆ వైర్లూ ఆ హడావిడీ అంతా ఎందుకు బాబాయిగారూ?"

"రంధ్రంలో గుచ్చితే డిస్కు ఒక్కటే దొరికేది. సప్లై లేచింది కాబట్టి అబద్ధం కూడా దొరికింది," అన్నాను. కొంచెం గొప్ప కూడా కలిసొచ్చిందని చెప్పలేదు.

మూడింటికి బోర్డు బిగింపు పూర్తయింది. ఆన్ చేసి చూశాం. ఏనుగు ఒక పల్టీ కొట్టింది, రెండోది కొట్టింది. కోడలు అలవాటు కొద్దీ ఆపేసింది. పెట్టెను, స్క్రీనును ఆటోలో పెట్టుకుని బయల్దేరాం.

ఆఫీసు చేరేసరికి మూడు యాభై రెండు. వదిన, విజిటింగ్ కార్డు ఎదురెదురు కుర్చీల్లో ఉన్నారు. ఆయన కోటు భుజం మీద పొట్టు ఇంకా ఉంది. మధ్యలో అధికారి బల్ల మీద చెక్క ఏనుగు. అధికారి పెద్దమనిషి, మాటలు తక్కువ. మేం వైర్లు తగిలించేలోపు మూడుసార్లు దానికి కీ ఇచ్చి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

వీడియో మొదలైంది. తేదీ, ముద్ర, స్టాలు పేరు. ఏనుగు మొదటి పల్టీ. రెండో పల్టీ.

"చాలండి, అక్కడితో ఆపేయండి," అంది వదిన గబగబా.

"అవును, చాలు. ఆపేయండి," అన్నాడు విజిటింగ్ కార్డు అంతకన్నా గబగబా.

ఆపబోయిన నా చేయి ఆగింది. వదిన ఎందుకు వద్దంటోందో నాకు తెలుసు. ఈయనకు ఎందుకు? వీడియోలో ఏనుగు ఒక్కటే ఉంటే, ఏదో ఒకటి వాదించుకుంటాడు. దాని కోసం షాపు మూయిస్తానని బెదిరించేంత పనేముంది?

"ఆడనివ్వండి," అన్నాను.

తెర మీద పసుపుపచ్చ బట్టల్లో వదిన ప్రత్యక్షమైంది. కుర్చీలో ఉన్న వదిన ముఖం కప్పుకుంది. తెర మీద ఒక గొంతు వినిపించింది. "అద్భుతంగా ఉందమ్మా. లోపల స్ప్రింగు ఎటువైపు బిగించారు?" మెచ్చుకుంటే చాలు మా వదిన కరిగిపోతుంది. ఏనుగు కడుపు విప్పి, స్ప్రింగు, పళ్ళచక్రం, తొండంలో పెట్టిన సీసం బరువు, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూపించింది. ఎవరో చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. రాయడం అయ్యాక ఆ చేయి జేబులోకి పోయి ఒక కార్డు తీసి వదినకు ఇచ్చింది. కెమెరా పక్కకు తిరిగింది.

జుట్టు ఇప్పటికన్నా కాస్త ఎక్కువుంది. కోటు అదే.

అధికారి తన బల్ల మీద, ఆ సాయంత్రమే అందుకున్న విజిటింగ్ కార్డును తీసి, తెర మీది కార్డు పక్కన పెట్టి చూశాడు. తర్వాత ఏనుగుకు కీ ఇచ్చాడు. ఈసారి చుట్టూ చూడలేదు. అది పల్టీ కొట్టి వదిన వైపు నిలబడింది.

"ఏనుగు ఈవిడదే," అన్నాడు. "కంపెనీ వాళ్ళు తమ బొమ్మ ఆపేయాలి. ఈ పెద్దమనిషి మాత్రం కాసేపు కూర్చోవాలి, కొన్ని ప్రశ్నలున్నాయి."

కూర్చోవాల్సిన కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది.

వదిన ముఖం మీది చేతులు తీసి కోడలి వైపు చూసింది. చూసి, తన కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇక నుంచి ఇది నీ దగ్గరే ఉంచవే. అడిగినప్పుడు ఇవ్వు." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మరిదీ, నిజం చెప్పు. అంత లావుగా ఉన్నానా?"

"కెమెరా తప్పు వదినా," అన్నాను. ఆ రోజు నేనాడిన రెండో అబద్ధం అది.

సాయంత్రం నాలుగు ఇరవై అయిదుకు నా చేతిలో మిగిలింది ఇది. డిస్కు ఉన్న కవరు ఒకటి. నడుస్తున్న కంప్యూటర్ ఒకటి. నవ్వుకుంటున్న అత్తా కోడళ్ళు ఇద్దరు. నిజాన్ని చచ్చిన పెట్టెలో దాచగలిగిన దోస్తు ఒకడు. ఎవరికీ చెప్పకూడని చీపురుకర్ర రహస్యం ఒకటి. వీటన్నిటికీ ఖర్చయింది ఒక తీగ క్లిప్పు. అదీ నాది కాదు. తిరిగి ఇచ్చేద్దామని కారిడారంతా చూశాను, ఆయన కనిపించలేదు. ఫరవాలేదు, అడ్రసు నా దగ్గర పన్నెండు కాపీల్లో ఉంది.